తల్లులతో జలయాత్ర

విద్యాసంవత్సరం ముగియవచ్చినప్పుడు విద్యార్థులు విహారయాత్రకు వెళ్ళడం మన కళాశాలలలో చిరకాలంగా వస్తున్న సంప్రదాయం. అయితే ఆడపిల్లల విషయంలో ఈ సంప్రదాయం చాలావరకు కాగితం మీదనే నిలిచిపోతున్న సంగతి అధ్యాపకులందరికీ తెలుసు. ప్రకటన అంటించిన రోజున నలభై పేర్లు నమోదవుతాయి. తల్లిదండ్రుల సంతకం తెమ్మన్న మరునాటికి అవి ఇరవై అవుతాయి. బస్సు కదిలే వేళకు పది మిగులుతాయి. రాలేకపోయిన ముప్పైమందీ వాదించరు, కన్నీరు పెట్టరు. "ఇంట్లో వద్దన్నారు మేడం" అని తలవంచుకొని తరగతికి వచ్చి కూర్చుంటారు. ఆ ఇంటివారిని తప్పుపట్టడం సులభం. పరాయి ఊరిలో రాత్రి బస అంటే గుండె జల్లుమనే తల్లి స్థానంలో నిలిచి ఆలోచించడం కష్టం.

ఈ ఏడాది ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం పిల్లలే దీనికొక ఉపాయం చెప్పారు. "అమ్మలను కూడా తీసుకుపోదాం" అన్నారు. యాత్ర ఏర్పాట్ల బాధ్యత నా మీద పడటం వలన ఆ మాటను గూర్చి చాలా రోజులు ఆలోచించవలసి వచ్చింది. తల్లిని అనుమతి పత్రంగా తీసుకుపోవడం వేరు, యాత్రికురాలిగా తీసుకుపోవడం వేరు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ రెండింటికీ మధ్యనున్న తేడాను గూర్చియే.

పిల్లల మొదటి కోరిక ఆకాశాన్ని అంటింది. ఒక విద్యార్థిని పినతండ్రి కుటుంబం అమెరికాలో ఉన్నది. అక్కడ ఉన్నత పాఠశాల చదువు ముగించిన పిల్లలు కొందరు తల్లులతో కలిసి పెద్ద నౌకలలో సముద్ర విహారం చేస్తారట. ఆ బొమ్మలను చూసి మన పిల్లలు కూడా "ఓడ ఎక్కుదాం" అన్నారు. వారి మాట పూర్తిగా గాలిమేడ కాదు. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే విహార నౌక మన విశాఖపట్నం నుండి కూడా బయలుదేరింది. కాని దాని టికెట్టు ధర వినగానే తరగతి అంతా నవ్వి ఊరుకున్నది. ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. అమెరికా నౌకా సంస్థలలో పలు సంస్థలు 21 ఏండ్లు నిండని వారిని పెద్దల తోడు లేకుండా ఎక్కనీయవు. అంటే అక్కడ కూడా తల్లి ముందుగా ఒక నిబంధనగానే ఓడ ఎక్కుతున్నది! తోడు రావడమే తల్లి పని అనుకోవడం ఒక్క మన కర్నూలు ఇండ్లలోనే లేదన్నమాట.

ఓడ పోయినా నీటి మీద ప్రయాణమన్న ఆశ పిల్లలలో మిగిలింది. అప్పుడు తల్లులను ఒకనాడు కళాశాలకు పిలిచాము. ఏ ఊరు, ఏ రోజు, ఎంత ఖర్చు అనే విషయాలను నిర్ణయించి చెప్పడానికి కాదు, అడగడానికి పిలిచాము. మా ప్రశ్నకు మొదట దొరికిన సమాధానం మౌనం. కొంతసేపటికి ఒక తల్లి అన్నది: "నీళ్లంటే మాకు బయం మేడం. ఒకతూరి ఇంట్లోకే వచ్చి పాయ కదా!"

2009 అక్టోబరు 2వ తేదీని కర్నూలు మరువలేదు. తుంగభద్ర, హంద్రి పొంగి నగరాన్ని ముంచెత్తిన రోజు అది. నేడు మన తరగతులలో కూర్చున్న ఈ పిల్లలు అప్పటికి ఏడాది, ఏడాదిన్నర పసికందులు. వారిని భుజాన వేసుకొని మిద్దెలెక్కిన తల్లులే ఆ రోజు మా ఎదుట కూర్చున్నవారిలో చాలామంది. పిల్లలకు ఆ వరద ఒక కథ. తల్లులకు అది గోడ మీది మరక.

ఆలోచించిన కొద్దీ నాకొక సంగతి స్పష్టమైంది. మన రాయలసీమ స్త్రీకి నీటితో ఉన్న అనుబంధం మూడు విధాలు. కొళాయి దగ్గర, బోరింగు దగ్గర బిందెతో నిలబడి మోసుకొచ్చే నీరు ఒకటి. రాకూడని వేళ ఇంట్లోకి వచ్చే వరద రెండవది. ఊళ్ళను ముంచి నిలిచిన జలాశయం మూడవది. ఈ మూడింటిలోనూ నీరు ఆమెను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది: శ్రమనో, భయాన్నో, త్యాగాన్నో. ఏమీ అడగని నీటిని ఒక పూట కూర్చుండి చూసే అవకాశం ఆమెకు ఎన్నడు వచ్చింది? మా యాత్రకు లక్ష్యం దొరికింది.

ఇక కాలనిర్ణయం. చదువు ముగింపు సందర్భంగా చేసే యాత్ర గనుక పరీక్షలయ్యాక వెళ్ళడం న్యాయమని పిల్లల వాదన. కాని కృష్ణానది పరీక్షల పట్టికను అనుసరించదు. శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వానలు కురిసిన ఏట ఆగస్టు నుండి ఆ మట్టం దరిదాపులలో నీరు నిలుస్తుంది. వేసవి నాటికి మట్టం ఎంతగా పడిపోతుందంటే, ఎగువన నీట మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడి పూజలందుకుంటుంది. అప్పుడు లాంచీలు దూరప్రయాణం చేయజాలవు. పైగా వేసవిలో మన పిల్లలు చెదిరిపోతారు. కొందరు హైదరాబాదు చదువులకు, కొందరు ఉద్యోగాల శిక్షణకు, కొందరు అత్తవారింటికి. ఈ ఏడాది ఫిబ్రవరిలో అటు పరీక్షలు, ఇటు రంజాన్ ఉపవాసాలు. కార్తికమాసంలో శ్రీశైలం భక్తజనంతో కిక్కిరిసి ఉంటుంది గనుక బస దొరకదు. ఈ లెక్కలన్నీ మేము నల్లబల్ల మీద వేస్తుండగా వెనుక వరుస నుండి ఒక తల్లి ఒక్కమాటలో తేల్చివేసింది: "పరీచ్చలు యేటేటా వస్తాయి మేడం, నీళ్లు యేటేటా రావు." కార్తికం ముగిసిన తరువాత, నవంబరు నాల్గవ శనివారం నిర్ణయమైంది. వీడ్కోలు యాత్ర పరీక్షలకు ముందే జరగడం వింతగా తోచవచ్చు. కరువు సీమలో నీరున్నప్పుడే పండుగ.

దారి విషయంలో రెండు మార్గాలు మా ముందు నిలిచాయి. నేరుగా ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరి, పాతాళగంగ వద్ద పడవ ఎక్కి అక్కమహాదేవి గుహల వరకు వెళ్ళిరావడం ఒకటి. ఖర్చు తక్కువ, నీటి మీద గడిపే సమయమూ తక్కువే. రెండవది కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో లాంచీ ఎక్కి, జలాశయం మీదుగా దాదాపు 120 కిలోమీటర్లు, సుమారు ఏడు గంటలు ప్రయాణించి శ్రీశైలం చేరడం. 2024 అక్టోబరులో తెలంగాణ పర్యాటక సంస్థ ఈ మార్గానికి ప్రకటించిన ఛార్జీ పెద్దలకు ఒకవైపుకు 2,000 రూపాయలు. తల్లీ కూతుళ్ళకు కలిపి నాలుగు వేలు. బస్సు, బస, భోజనం దానికి అదనం. కూలికి పోయే తల్లి, కుట్టుమిషను తొక్కే తల్లి ఆ మాట విని పక్కకు చూసింది. మొదటి మార్గానికే అందరూ మొగ్గుతున్న తరుణమది.

అప్పుడొక వృద్ధురాలు మాట్లాడింది. తల్లిలేని మనవరాలి తరఫున వచ్చిన నానీ ఆమె. అంతవరకు గోడకు చేరబడి ఏమీ అనకుండా ఉన్నది. "ఆ పెద్ద పడవ మా ఊరి మీంద పోతాదా?" అని అడిగింది. ఏ ఊరు తల్లీ అంటే ఆత్మకూరు వైపు నీట మునిగిన ఒక పల్లె పేరు చెప్పింది. ఆ పేరు తరగతిలో ఏ పిల్లా వినలేదు. ఆమె మనవరాలు కూడా ఆ పేరు వినడం అప్పుడేనని తరువాత తెలిసింది.

మన పాఠ్యపుస్తకాలలో శ్రీశైలం ప్రాజెక్టు అంటే 1963లో నెహ్రూ శంకుస్థాపన, పన్నెండు గేట్లు, విద్యుదుత్పత్తి. ఆ నీటి క్రింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలు వందకు పైగా ఉన్నాయి. లక్షకు పైగా జనం ఇల్లూ పొలమూ విడిచి లేచిపోవలసి వచ్చింది. 1981లో జరిగిన ఖాళీ చేయింపులను ఆ ప్రాంతపు ముసలివారు నేటికీ తలచుకుంటారు. మునిగిపోయే ప్రాచీన దేవాలయాలు కొన్నింటిని మాత్రం రాయి రాయిగా విప్పి, తరలించి, తిరిగి నిలిపారు. మన కర్నూలు జగన్నాథగట్టు మీది రూపాల సంగమేశ్వరాలయం అట్లు వచ్చినదే. ఆ శిల్పసంపదను కాపాడిన వారికి చేతులెత్తి మ్రొక్కవలసిందే. నానీ చెప్పింది మరొక మాట. వారి ఊరిలో ఒక పీర్ల చావిడి ఉండేదట. మొహర్రం నాడు ఊరంతా, ఏ మతమనక, అక్కడికి చేరేదట. పీర్లను నెత్తిన పెట్టుకొని వచ్చేశారు. చావిడి మట్టిగోడలది గనుక నీటిలో కరిగిపోయింది.

ఆ మాటతో యాత్ర మార్గం మారింది. తల్లులందరూ పొడవాటి దారినే కోరారు. డబ్బు ఎట్లు అన్న ప్రశ్నకు దారి వారే చూపారు. పొదుపు సంఘాలు నడిపిన చేతులవి. వారానికి వంద రూపాయల చొప్పున జూలై నుండి ఇరవై వారాలు కడితే తల్లి టికెట్టు పూర్తవుతుంది. లెక్క పుస్తకం తల్లులలో ఒకరి చేతనే ఉంచాము. కూతురి టికెట్టు కొరకు పిల్లలు తమ వీడ్కోలు సభను వదులుకున్నారు. ఒకే రంగు చీరలు, వేదిక అలంకరణ, పాటల పెట్టెలు, జ్ఞాపికలు, ఇవన్నీ మానివేస్తే మిగిలిన సొమ్ము చాలావరకు సరిపోయింది. ఆ త్యాగం పిల్లలకు తేలిక కాదని నేను సాక్ష్యం చెప్పగలను. రెండు రోజులు తరగతిలో ఒకరితో ఒకరు మాటలాడుకోలేదు. బస్సు అద్దెను కార్యవర్గం భరించింది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఎక్స్‌ప్రెస్ వరకు ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. దానిని వాడుకుందామని కొందరు సూచించారు. కాని తెల్లవారుజామున పొరుగు రాష్ట్రంలోని రేవుకు చేరాలి. తిరుగు ప్రయాణంలో నల్లమల దారి రాత్రివేళ మూసివేసేలోగా దోర్నాల దాటాలి. అందువలన సొంత బస్సే మేలని తేల్చుకున్నాము.

తల్లి అంటే ఎవరు అన్న ప్రశ్న కూడా తలెత్తింది. ముప్పైఒక్క మంది పిల్లలలో తల్లి లేనివారు ఇద్దరు. పత్తి ఏరే కాలంలో రెండు రోజుల కూలి వదులుకోలేని తల్లులు ముగ్గురు. తల్లి రాకుంటే కూతురు రాకూడదన్న నియమం పెడితే, అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన పిల్లనే మళ్ళీ శిక్షించినట్లవుతుంది. పెంచిన చేయి ఏదైనా తల్లి చేయే అని నిర్ణయించాము. నానీ, పిన్ని, మేనత్త, ఒక పిల్లకు పొరుగింటి అవ్వ, అందరూ తల్లుల జాబితాలోనే చేరారు. కూలి పోతుందన్న ముగ్గురిలో ఇద్దరి పొలంపనిని వారి ఇరుగుపొరుగు స్త్రీలు పంచుకున్నారు. మూడవ ఆమె రాలేకపోయింది. ఆమె కూతురిని మరొక తల్లి తన పక్కన కూర్చోబెట్టుకున్నది.

భోజనం చర్చకు వస్తుందని భయపడ్డాను. శ్రీశైలం క్షేత్రంలో మాంసాహారం నిషిద్ధం. ఆ నియమాన్ని ముందుగా పలికినవారు ముస్లిం తల్లులే. "దేవుడి కొండకు పోతా ఆ మాటెందుకు మేడం?" అన్నారు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శించే ముస్లిములు, కడప అమీన్‌పీర్ దర్గాకు మ్రొక్కే హిందువులు ఉన్న సీమ మనది. ఇక్కడ ఆ మర్యాద ఎవరూ నేర్పనవసరం లేదు. ఉగ్గాని, చిత్రాన్నం, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఓళిగలు ఇండ్ల నుండియే వచ్చాయి. నమాజు వేళకు పై అంతస్తులో ఒక మూల కేటాయించాలని, తల్లుల అనుమతి లేనిదే వారి ఛాయాచిత్రాలను సామాజిక మాధ్యమాలలో పెట్టరాదని, మరునాడు దర్శనానికి వెళ్ళదలచినవారు వెళ్ళగా మిగిలినవారు చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూడాలని ముందుగానే వ్రాసుకున్నాము.

అన్నింటికంటె ఎక్కువ కాలం వెచ్చించింది భద్రత మీద. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమంలో, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాలను పిల్లలకూ తల్లులకూ దాచకుండా చెప్పాము. కచ్చులూరులో విహారానికి వెళ్ళినవారే దాదాపు యాభైమంది ప్రాణాలు కోల్పోయారు. భయపెట్టడానికి కాదు, భయానికొక పని కల్పించడానికి చెప్పాము. రక్షణ జాకెట్టు తొడుక్కొననిదే లాంచీ కదలరాదు. బురఖా మీదనైనా చీర మీదనైనా అది పైననే ఉండాలి, కొంగు లోపలికి దోపుకోవాలి. ఫోటో కొరకు అందరూ ఒకే అంచుకు గుమిగూడరాదు. ఎక్కినప్పుడు, దిగినప్పుడు తలలు లెక్కించాలి. గాలివాన సూచన ఉంటే ఎంత దూరం వచ్చినా వెనుదిరగాలి, సొమ్ము పోతే పోనీ. ఈ నియమాలను బిగ్గరగా చదివి వినిపించే పనిని 2009 వరదను గుర్తు చేసిన తల్లికే అప్పగించాము. నీటిని ఎరిగినవారి మాటకు బరువెక్కువ.

ప్రయాణాన్ని గూర్చి ఎక్కువ వ్రాయను. చూసినవారికి అవసరం లేదు, చూడనివారికి చాలదు. మొదటి గంట తల్లులు జాకెట్ల పట్టీలు గట్టిగా పట్టుకొని కూర్చున్నారు. రెండవ గంటలో కొందరు కాళ్ళు చాపుకున్నారు. మూడవ గంటకు ఎవరి మాటలు వారివి. వంట లేదు, వడ్డన పిల్లలే చేశారు. ఒక తల్లి రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడక నీటినే చూస్తూ కూర్చున్నది. ఒంట్లో బాగులేదా అని అడిగితే, "బాగుండాను మేడం, ఊరికే కూర్చున్నా" అన్నది. ఊరికే కూర్చున్నానని చెప్పి ఆమె నవ్విన నవ్వు కొరకే ఇన్ని లెక్కలు వేశామని నాకు తోచింది.

నానీ మాత్రం కుడిగట్టు వైపే చూస్తున్నది. నీరు ఊళ్ళను ముంచగలదు గాని కొండల ఆనవాలు చెరపలేదు. ఒక గుట్ట వంపు చూసి ఆమె లేచి నిలబడింది. మనవరాలిని పిలిచి, చేయి చాచి, నీటిలోని ఒక చోటు చూపుతూ బావి ఎక్కడ, చింతచెట్టు ఎక్కడ, చావిడి ఎక్కడ అని వరుసగా చెప్పింది. ఆ గుట్ట నిజంగా వారి ఊరి గుట్టయేనా అని ఎవరూ అడగలేదు. ఆ పిల్ల తన ఫోనును సంచిలో పెట్టివేసి వినసాగింది. చుట్టూ ఉన్న పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆమె ఏడ్వలేదు. చివరకు "ఇంత లోతా!" అని మాత్రం అన్నది.

మరునాడు తిరుగు ప్రయాణంలో పిల్లలు అక్కమహాదేవిని గూర్చి అడిగారు. పన్నెండవ శతాబ్దంలో కన్నడసీమ నుండి ఒంటరిగా నడిచి శ్రీశైలం చేరిన ఆ సాధ్వి కథ చెప్పాను. మా ఉర్దూ అధ్యాపకురాలు బస్రా నగరపు సూఫీ సాధ్వి రాబియా కథ చెప్పారు. ఎవరి తోడూ లేక నడిచిన ఆ స్త్రీలను చరిత్ర గుర్తుంచుకున్నది. మన తల్లులను చరిత్ర గుర్తుంచుకోకపోవచ్చు. వారిని గుర్తుంచుకోవలసినవారు ఆ బస్సులోనే ఉన్నారు.

కార్యవర్గం వారికి మూడు మనవులు చేసి ముగిస్తాను. మొదటిది, ఈ యాత్రను ఒక ఏటి ముచ్చటగా విడువక, ప్రతి విద్యాసంవత్సరం నవంబరులో నీరున్న ఏట జరిపించవలెను. నీరు లేని ఏట జగన్నాథగట్టు వరకైనా సరే, తల్లులతోనే వెళ్ళవలెను. రెండవది, జూలైలోనే వారపు చీటీ ప్రారంభించి, కూలి కోల్పోయే తల్లుల కొరకు ఒక చిన్న నిధి ఏర్పరచవలెను. ఈసారి రాలేకపోయిన ఆ తల్లి పేరు వచ్చే ఏటి జాబితాలో మొదట ఉండవలెను, కూతురు అప్పటికి కళాశాల విడిచినా సరే. మూడవది, మన విద్యార్థినులలో మునిగిన ఊళ్ళ బిడ్డలు ఎందరో ఉన్నారు. వారి ఇండ్లలోని ముసలివారి మాటలను తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించి ఈ వార్షిక సంచికలో ఏటేటా ప్రకటించవలెను.

తల్లి సంతకం కొరకు కాగితం పంపే పద్ధతిని మానుకోమని నేను అనను. ఆ కాగితంలో ఒక పంక్తి చేర్చమని అడుగుతున్నాను: "మీరు కూడా వస్తారా?" ముప్పైమంది పిల్లలను గడప దాటించినది ఈ ఏట ఆ ప్రశ్నయే.